జాంబవంతుడు సింహాన్ని చంపాడు సరే, మన గుడ్డెలుగు పెద్దపులిని ఆపగలదా?

ప్రశ్న: వినాయక చవితి కథలో ప్రసేనుణ్ణి సింహం చంపితే, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపి శమంతకమణి తీసుకెళ్లాడని చదువుతాం కదా. నిజంగా పెద్ద ఎలుగుబంటి పులినో సింహాన్నో కొట్లాటలో ఓడించగలదా? హాస్టల్లో బిర్యానీ పందెం వేసుకున్నాం. అడవిలో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. (హన్మకొండ నుంచి డిగ్రీ విద్యార్థి)

తమ్మీ, నువ్వు ఏ వైపు కాశావో రాయలేదు కాబట్టి బిర్యానీ డబ్బులు ఎవరి జేబులోంచి పోతాయో నాకు తెలియదు. నేను అటవీ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. తాడ్వాయి దగ్గర బీట్ గార్డుగా మొదలై, ఏటూరునాగారం, పాకాల తిరిగి, చివరి ఆరేళ్లు ఆసిఫాబాద్ వైపు ఉన్నాను. ఇన్నేళ్లలో గుడ్డెలుగును, అంటే మన అడవుల్లో ఉండే ఎలుగుబంటిని, లెక్కలేనన్ని సార్లు చూశాను. చిరుతను పదిహేను, ఇరవై సార్లు. పెద్దపులిని కళ్లారా చూసింది మూడే సార్లు, అందులో ఒకసారి తోక మాత్రమే. పులీ ఎలుగూ కొట్లాడుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. చూశామని చెప్పే మా డిపార్ట్‌మెంట్ వాళ్లను కూడా సగమే నమ్ము. అయితే అన్నీ అయిపోయాక మిగిలిన జాడలు, పెంట, బెరడు మీద గీతలు చదవడం మాకు రోజూ ఉండే పని. ఆ చదువుతోనే చెబుతున్నాను.

ముందు ఏ ఎలుగుబంటో తేల్చుకోండి. మీ పందెంలో ఆ ముక్క లేకపోతే పందెమే చెల్లదు. ఎలుగుబంట్లలో ఎనిమిది జాతులున్నాయి. అలాస్కా దగ్గర దీవుల్లో ఉండే కోడియాక్ ఎలుగు, ధ్రువపు ఎలుగు మగవైతే 500 కిలోలు దాటేవి ఉంటాయి. మగ సింహం 190 కిలోల చుట్టుపక్కల, మన పెద్దపులి మగది 200 దాటి 260 దాకా. బరిలో ఎదురెదురుగా వదిలితే, అంత తేడా ఉన్నప్పుడు ఇంకేం మాట్లాడతాం? ఎలుగే గెలుస్తుంది. దాని మెడ చుట్టూ కండ, కొవ్వు, బొచ్చు ఎంత మందంగా ఉంటాయంటే పులి కోర గొంతు నరం దాకా దిగడమే కష్టం. పైగా పులి బలమంతా మొదటి నిమిషంలోనే. అది పరుగెత్తేది తక్కువ, దూకేది ఎక్కువ. ఎలుగుబంటి అరగంట కొట్లాడినా నిలబడే ఉంటుంది.

కానీ కోడియాక్ ఎలుగుకు సింహం ఎదురుపడేది మీ హాస్టల్ గదిలోనే. ఆఫ్రికాలో ఇప్పుడు ఎలుగుబంట్లే లేవు. ఉత్తరాన అట్లాస్ కొండల్లో ఒక రకం ఉండేది, పందొమ్మిదో శతాబ్దంలో అంతరించిపోయింది. మన దేశంలో సింహం గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే ఉంది, అక్కడ గుడ్డెలుగు లేదు. కాబట్టి జాంబవంతుడి కేసు మళ్లీ విచారణకు వచ్చే అవకాశం లేదు, కొట్టివేద్దాం.

పెద్ద ఎలుగూ పెద్ద పులీ నిజంగా ఒకే అడవిలో తిరిగే చోటు రష్యా తూర్పు కొస. అక్కడి సైబీరియా పులికి ఎలుగుబంటి కూడా ఆహారమే. రష్యన్లు ఏళ్ల తరబడి రాసిపెట్టిన ఘటనల్లో కొట్లాట దాకా వెళ్లినవి తీసుకుంటే, దాదాపు సగం సార్లు ఎలుగు చచ్చింది, నాలుగింట ఒకసారికి కొంచెం ఎక్కువగా పులి చచ్చింది, మిగతావాటిలో రెండూ దెబ్బలతో ఎవరి దారిన అవి పోయాయి. దీన్ని చూసి పులి గెలిచినట్టే అనుకోకు. చచ్చిన ఎలుగుల్లో ఎక్కువ భాగం చిన్నవి, ఆడవి, చలికాలం గుహలో పడుకున్నవి. పులి తనకు వీలైనదాన్నే ఎంచుకుంది. బాగా ఎదిగిన మగ గోధుమ రంగు ఎలుగు దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అది మంచులో పులి జాడ పట్టుకుని వెనకే నడిచి, పులి కొట్టిన జంతువు మీదికి వెళ్లి కూర్చుంటుంది. పులి కష్టం, ఎలుగు భోజనం. అమెరికాలో కౌగర్ అనే పెద్ద పిల్లి పరిస్థితీ అంతే, ఎల్లోస్టోన్ అడవుల్లో అది వేటాడినదాన్ని ఎలుగుబంట్లు లాక్కుంటాయి.

ఇప్పుడు మనూరి సంగతికి వద్దాం. నాకు తెలిసింది ఇదే.

మన గుడ్డెలుగు మగది 80 నుంచి 145 కిలోలు, ఆడది 55 నుంచి 95. పెద్దపులితో పోలిస్తే బరువు సగమే. అది వేటాడదు. చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, తునికి పండ్లు, రేగుపండ్లు తిని బతుకుతుంది. పై దవడలో ముందరి రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచి చెదలను పీలుస్తుంది. ముందుకాళ్లకు నాలుగు అంగుళాల దాకా గోళ్లుంటాయి, పుట్ట తవ్వడానికి. హంటర్ రోడ్డు జూకు వెళ్తే అది తిరుగుతుంటే కాదు, పడుకున్నప్పుడు చూడు, గోళ్లు బాగా కనపడతాయి. పిల్లి జాతికి గోళ్లు ఒరలో ఉంటాయి, అవసరానికి బయటికి వస్తాయి. ఎలుగుకు ఒర లేదు, ఎప్పుడూ బయటే. అందుకే అరిగి మొద్దుబారి ఉంటాయి. మొద్దు అని తేలిగ్గా తీసుకోవద్దు, రాయిలా బిగిసిన పుట్టను పగలగొట్టే గోళ్లవి. ఇంకో మాట, భల్లూకపు పట్టు అంటారు గానీ ఎలుగుబంటి కౌగిలించుకుని నలిపి చంపదు. గోళ్లతో పట్టి నిలిపి, నోటితో కొరుకుతుంది.

మరి పులి దీన్ని ఎప్పుడు చంపుతుంది? పుట్ట దగ్గర. గుడ్డెలుగు చెదలు తినేటప్పుడు ఆ ఊదుడు, పీలుడు వంద గజాల అవతలికి వినిపిస్తుంది. పాత సైకిల్ పంపు కొట్టినట్టు ఉంటుంది. మూతి బొక్కలో, చెవుల నిండా తన చప్పుడే, వీపు అడవికి. దానికి చూపు అంతంతమాత్రం, వినికిడీ అంతే, ఒక్క ముక్కే దిక్కు. ఆ ముక్కు నిండా మట్టి. వెనక నుంచి గాలి రాని వైపు చూసుకుని పులి పాక్కుంటూ వస్తే ఇక కొట్లాట అనేదే ఉండదు, మెడ వెనక ఒక్క కాటు. బెజ్జూరు వైపు ఉన్నప్పుడు ఒకసారి వాగు దారిలో పులి పెంట దొరికింది. మామూలుగా అందులో దుప్పి వెంట్రుకలో, అడవిపంది వెంట్రుకలో ఉంటాయి. దీంట్లో పొడుగాటి నల్ల వెంట్రుకలు గుత్తులుగా ఉన్నాయి. పుల్లతో విప్పుతుంటే తెల్లగా ఏదో తగిలింది. ఎముక అనుకున్నా. కడిగి చూస్తే వంకర తిరిగిన గోరు, నా చిటికెన వేలంత. రేంజర్ సారు దాన్ని కవర్లో వేసి తీసుకెళ్లాడు.

అంటే పులి గెలిచినట్టే కదా అంటావు. ఆగు, ఆ గోరు దొరికిన వాగులోనే మరో వేసవిలో చూసింది కూడా చెప్పాలి.

ఏప్రిల్ నెల. వాగు ఎండిపోయి, మధ్యలో మాత్రం తడి ఇసుక. పొద్దున్నే నేనూ మా వాచరూ జాడలు చూసుకుంటూ వెళ్తున్నాం. వాచర్ గోండు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఎగువ నుంచి పెద్దపులి జాడ వస్తోంది. గుండ్రంగా నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు, మడమ అచ్చు వెనక అంచున మూడు ఉబ్బులు. ఎదురు దిక్కు నుంచి గుడ్డెలుగు జాడ. దాని వెనక పాదం అచ్చం చిన్నపిల్లాడు ఉత్తకాళ్లతో నడిచినట్టు ఉంటుంది, ముందు పాదానికైతే వేళ్లకు రెండు మూడు అంగుళాల ముందు గోళ్ల గీతలు పడతాయి. ఆ పక్కనే బిళ్లంత చిన్న జాడలు. పిల్ల.

వాగు మలుపులో రెండూ ఎదురుపడ్డాయి. మధ్య దూరం నా అడుగులతో కొలిస్తే పన్నెండు. పులి అక్కడ కూర్చుంది, మోచేతులు, పొట్ట ఇసుకలో అచ్చు పడ్డాయి. అంటే దూకుదామా వద్దా అని చూసుకుందన్నమాట. ఇటు ఎలుగు వెనక పాదాలు రెండూ పక్కపక్కన లోతుగా దిగాయి. లేచి నిలబడింది. తర్వాత నాలుగే నాలుగు దూకుళ్లు, ప్రతిదానికీ ఇసుక వెనక్కి చిమ్మి గుంటలు పడ్డాయి. పులి వైపే. పులి జాడలు కూర్చున్న చోటి నుంచి పక్కకు తిరిగి, పెద్ద పెద్ద అంగలతో గట్టెక్కి పోయాయి. రక్తం చుక్క లేదు. వెంట్రుక లేదు. ఎలుగు వెనక్కి వచ్చి పిల్ల దగ్గర ఆగింది. పిల్ల జాడలు అక్కడితో అయిపోయాయి. తల్లి జాడ ఒక్కటే గట్టు మీదికి వెళ్లింది, పిల్ల వీపెక్కింది.

"తల్లి ఉన్నది సార్, మొండిది. పులికేమో కడుపు నిండి ఉన్నది" అన్నాడు మా వాచర్. ఆ తర్వాత నేను చదివినవీ చూసినవీ అన్నీ ఆ ఒక్క మాటకు వివరణే.

పులి లెక్క ఏంటంటే, అది ఒంటరి వేటగాడు. దానికి సిక్ లీవు లేదు. కోర విరిగినా, పంజా వాచినా, కన్ను పోయినా ఆ వారం తిండి లేదు, ఆ నెల తిండి లేదు, తర్వాత పులే లేదు. దుప్పిని కొడితే దుప్పి తిరిగి కొట్టదు. ఎలుగును ఎదురుగా కొడితే ఆ గోళ్లు మొహం మీదికి వస్తాయి. గెలిచే బలం ఉన్నా ఆ గెలుపు గిట్టుబాటు కాదు. ఆకలితో ఉన్న పెద్ద మగ పులి లెక్క వేరుగా వేసుకోవచ్చు. కడుపు నిండిన పులి మాత్రం పక్కకు తప్పుకుంటుంది.

ఎలుగుబంటికి లెక్కలు వేసుకునే వెసులుబాటు లేదు. పరుగెత్తితే పులికి చిక్కుతుంది. చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. పైగా చూపు ఆనదు కాబట్టి శత్రువు దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలిసేసరికి పది అడుగుల్లో ఉంటుంది. ఇక మిగిలిన దారి ఒకటే, లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచి, మీదికి ఉరకడం. వేల ఏళ్లుగా పులులున్న అడవిలో అలా ఉరికినవే బతికి పిల్లల్ని కన్నాయి. వీపు మీద పిల్లను మోసే అలవాటు కూడా అందుకే అంటారు, మిగతా ఎలుగుబంట్లలో అది అలవాటుగా కనపడదు. ఆ వీపు మీద బొచ్చు పొడుగ్గా ఉండేది పిల్ల పట్టుకోవడానికే అన్నట్టు ఉంటుంది.

2018లో తాడోబాలో తీసిన వీడియో నువ్వు చూసే ఉంటావు, అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగింది. తాడోబా అంటే ఎక్కడో కాదు, మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా, మన ఆసిఫాబాద్‌కు పక్కింటి లెక్క. అక్కడి నుంచీ, అటువైపే ఉన్న తిప్పేశ్వర్ అడవి నుంచీ పెన్‌గంగ, ప్రాణహిత దాటి వచ్చే పులుల వల్లే 2012లో టైగర్ రిజర్వ్ అయిన మన కవ్వాల్ వైపు, కాగజ్‌నగర్ వైపు మళ్లీ పులి మాట వినపడుతోంది. ఆ వీడియోలో మట్కాసుర్ అనే పెద్ద మగ పులి, పిల్లతో నీళ్లకు వచ్చిన తల్లి ఎలుగు మీద పడింది. కింద పడేసి నోట కరిచి అదిమిపెట్టింది కూడా. అయిపోయింది అనుకుంటాం. అది విడిపించుకుని లేచి తిరిగి పులి మీదికే వెళ్లింది. చివరికి పులి వెనక్కి తగ్గింది, తల్లీ పిల్లా ప్రాణాలతో వెళ్లిపోయాయి. బరువులో పులి దానికి రెట్టింపు ఉంటుంది. ఆ వీడియో నిజమైనది. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే సింహం, ఎలుగుబంటి కుస్తీలు చాలావరకు కంప్యూటర్లో చేసినవి, వాటిని చూసి పందెం కట్టొద్దు.

ఇక్కడ నీ ప్రశ్నకు సంబంధం లేనట్టు కనపడే ఒక సంగతి చెప్తాను, నిజానికి నా దృష్టిలో ఇదే ముఖ్యం. ములుగు, భూపాలపల్లి వైపు పెద్దపులి చాలా ఏళ్లు కనపడకుండా పోయింది, ఇప్పుడు కూడా వచ్చిపోయేదే. కానీ పులి కోసం తయారైన ఆ కోపం గుడ్డెలుగులో అలాగే ఉంది. ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద పడుతోంది? తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే అమ్మల మీద, ఎండాకాలం తునికాకు తెంపేవాళ్ల మీద. వంగి ఆకు తెంపుతూ పొద పక్కకు వెళ్తారు, అవతల అది పుట్ట తవ్వుతూ ఉంటుంది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నేను ఆస్పత్రికి తీసుకెళ్లిన నలుగురిలో ముగ్గురికి దెబ్బలు మొహం మీదే, తల చర్మం లేచిపోయి. కాలు కరిచి వదిలేసింది ఒక్కరినే. దానికి మనమంటే పగ లేదు, మన మాంసం దానికి అక్కర్లేదు. పది అడుగుల్లో హఠాత్తుగా లేచిన ఏ ఆకారమైనా దానికి పులే. అందుకే మావాళ్లు గుంపుగా వెళ్లి, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో చెట్లను తడుతూ నడుస్తారు. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసం గుట్టలకు గుట్టలే కోసేస్తే అవి ఉండే బండల సందులు పోయి, ఊళ్లలోకి రావడం మొదలైంది. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

నీ పందెం తీర్పు ఇలా రాసుకో. పెద్ద గోధుమ రంగు ఎలుగో ధ్రువపు ఎలుగో అయితే, ఎదురెదురుగా ఏ పిల్లి జాతీ దాని ముందు నిలవదు. మన గుడ్డెలుగు, పెద్దపులి అయితే, దొంగచాటుగా వస్తే పులిది, మొహామొహం పడితే చాలాసార్లు కొట్లాటే జరగదు, జరిగినా ఎలుగు చచ్చేదాకా సాగడం తక్కువ. ప్రాణం తీయడమే గెలుపు అనుకుంటే పులి వైపు కాసినవాడికి బిర్యానీ ఇవ్వండి. ఎదుటివాణ్ణి పక్కకు తప్పించి దారిన పోవడం గెలుపు అనుకుంటే రెండోవాడికి.

చిరుత సంగతి నువ్వు అడగలేదు, కానీ మన వరంగల్ అడవుల్లో రోజూ ఎదురుపడే జోడీ అదే. మగ చిరుత 50, 70 కిలోల మధ్య. అంటే ఇక్కడ బరువు ఎలుగుదే. తల్లి ఏమరుపాటుగా ఉంటే పిల్లను ఎత్తుకుపోతుంది తప్ప, ఎదిగినదాని జోలికి చిరుత పోదు.

తాడ్వాయి రేంజ్‌లో ఒక వైశాఖ పౌర్ణమి రాత్రి జంతువుల లెక్కకు మంచె మీద కూర్చున్నాం. కింద కుంట, ఎండాకాలం కదా, నీళ్లు ఒక గది అంత మిగిలాయి. పదకొండు దాటాక చిరుత వచ్చింది. నాలుగు వైపులా చూసి, ముందుకాళ్లు వంచి తాగడం మొదలుపెట్టింది. అంతలో అవతల ఎండుటాకుల మీద ధనధనమని చప్పుడు. గుడ్డెలుగు ఎప్పుడూ దొంగలా నడవదు, పెళ్లికొచ్చిన మేనమామలా వస్తుంది. చిరుత తల ఎత్తింది, చెవులు వెనక్కి వాలాయి. ఎలుగు గట్టు మీద ఆగి, ముక్కు పైకెత్తి ఒకసారి హుఫ్ అంది. అంతే. చిరుత ఇంకా దాహం తీరకుండానే లేచి, పరువు పోకుండా నిదానంగా నడుచుకుంటూ వెళ్లి, ఇరవై గజాల అవతల గట్టు మీద తోక చుట్టుకుని కూర్చుంది, రేషన్ షాపు ముందు లైన్లో కూర్చున్నట్టు.

ఎలుగు తాగింది. తర్వాత నీళ్లలోనే పడుకుంది. లేచి, బురదలో ఏవో తవ్వి, మళ్లీ తాగింది. నా వాచీలో నలభై నిమిషాలు. చిరుత అక్కడే ఉంది. ఎలుగు పోయిన చప్పుడు పూర్తిగా ఆగిపోయాక దిగి వచ్చి, ఆ బురద నీళ్లను వాసన చూసి, కొంచెం అవతలికి జరిగి తాగింది.